రోబో యాంత్రీకరణ: పరిహరించదగిన పొరపాట్లు

కర్మాగారంలోని యంత్రాలకు రోబోను జతచేసేటప్పుడు జరిగే పొరపాట్లలో మొదటిది, అదుపులో లేని పనిని అలాగే రోబోకు అప్పగించడం. రెండోది, పరిశ్రమ తీరును పట్టించుకోకుండా రోబో వేగాన్నే చూడటం. ఉదాహరణకు, శంషాబాద్ విమానాశ్రయ పరిసరాలు విమాన భాగాల తయారీ కేంద్రంగా ఎదిగాయి. దగ్గరలోని ఆదిభట్లలో టాటా బోయింగ్ సంస్థ 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లేజ్‌లను (ప్రధాన దేహాలను) తయారుచేస్తోంది. ఇటువంటి పరిశ్రమలో రకాలెక్కువ, ఒక్కో రకం సంఖ్య తక్కువ. అందువల్ల రోబో ఎంత వేగంగా కదులుతుందనే దానికంటే, ఒక భాగం నుంచి మరో భాగానికి మారడానికి పట్టే సమయమే ముఖ్యం.

కచ్చితత్వం విషయంలో పొరబడటం మరీ ఖరీదైనది. రోబో చేయి నేర్పిన చోటికి మిల్లీమీటరులో పదో వంతులోపు తేడాతో పదేపదే రాగలదు. కానీ కంప్యూటర్ నమూనాలోని బిందువును నేరుగా చేరమంటే తేడా మిల్లీమీటరు దాటవచ్చు. రంధ్రాలు వేసే పనిలో ఇంత తేడా చెల్లదు. దాన్ని కొలత పరికరాలతో సరిదిద్దాలి, భాగాన్ని పట్టి ఉంచే ఫిక్చర్ దృఢంగా ఉండాలి. బోయింగ్ తన 777 ఫ్యూజ్‌లేజ్ కూర్పుకు తెచ్చిన రోబో వ్యవస్థను 2019లో విరమించుకుని, నిపుణుల చేతిపనికి, సరళమైన డ్రిల్లింగ్ యంత్రాలకు మళ్లింది.

రోబో మోయాల్సిన బరువు లెక్కలో, భాగాన్ని పట్టుకునే గ్రిప్పర్ బరువును మరచిపోకూడదు. రక్షణ కంచె, అత్యవసర స్విచ్ రూపకల్పన దశలోనే నిర్ణయం కావాలి. ఆపరేటర్లను ఆరంభం నుంచే చర్చలో కూర్చోబెట్టడం తప్పనిసరి: వంకర భాగం, చిక్కుకునే లోహపు చుట్టలు వంటి రోజువారీ చిక్కులు వారికే తెలుసు.