మూడు బంగారు నాణాలు

దానం చేసినవాళ్ళు పోయాక ఆ డబ్బు ఎవరి మాట వినాలి? పోయినవాళ్ళ మాటా, బతికున్నవాళ్ళ అవసరమా? ఈ ప్రశ్న మీకెప్పుడైనా తోచిందా?

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరానికి మేయరుగా చేసిన బ్రయన్ ములాన్ఫీ 1851లో చనిపోయాడు. తన ఆస్తిలో మూడోవంతు, ఆ ఊరి మీదుగా పడమటికి వలసపోయే బీద బాటసారులకని వీలునామా రాశాడు. మంచి మనసే! కానీ తరవాత రైళ్ళు వచ్చాయి. బళ్ళు కట్టుకుని పోయేవాళ్ళు కరువయ్యారు. డబ్బుంది, పుచ్చుకునేవారు లేరు. ఊళ్ళో బీదలకు ఇద్దామంటే వీలునామా అడ్డం.

ఇలాంటి చిక్కులకు క్లీవ్‌లాండులో బ్యాంకు నడిపిన ఫ్రెడరిక్ గాఫ్ 1914లో ఒక దారి చూపించాడు. ఎవరి ధర్మం వారిదిగా కాక, అందరి డబ్బూ ఒకచోట చేర్చాలి. అసలు ముట్టుకోకుండా రాబడి మాత్రమే ఖర్చుపెట్టాలి. మనం రేపటి తోడుకని కాస్త పెరుగు అట్టేపెట్టుకోమూ, అలాగన్నమాట. ఎవరికివ్వాలో ఊరివాళ్ళ సంఘం నిర్ణయిస్తుంది. దాత కోరికకు కాలం చెల్లితే మార్చే అధికారమూ ఆ సంఘానిదే. అందులో సభ్యులను బ్యాంకే కాక మేయరూ, న్యాయమూర్తులూ కూడా నియమించేవారు. డబ్బు ఒకరిది, పెత్తనం మాత్రం ఒక్కరిది కాదు.

కెనడాలో ఈ పద్ధతిని ముందుగా అందుకున్నది మానిటోబా రాష్ట్రంలోని విన్నిపెగ్. 1870లో సిపాయిగా ఆ ఊరు చేరి, బ్యాంకరుగా ఎదిగిన విలియం ఆలోవే 1921లో లక్ష డాలర్లతో విన్నిపెగ్ ఫౌండేషన్ పెట్టించాడు. నగరంలో ధనవంతులున్నారు కదా, రెండో దానం ఎవరిదనుకున్నారు? 1924లో ఒక కవరు వచ్చింది. అందులో ఐదేసి డాలర్ల బంగారు నాణాలు మూడు, ఒక చీటీ ఉన్నాయి. చీటీ మీద దాత పేరు లేదు, ‘విధవరాలి కాసులు’ అన్న అర్థం వచ్చే మాట మాత్రం ఉంది. బైబిలులో తనకున్న రెండు కాసులూ కానుకపెట్టెలో వేసిన బీదరాలి కథ అది.

ఆలోవే భార్య ఎలిజబెత్ 1926లో, ఆయన 1930లో కన్నుమూశారు. పిల్లలు లేని ఆ దంపతుల ఆస్తిలో పెద్ద భాగం నిధికే చేరింది. నూరేళ్ళు దాటినా ఆ ఫౌండేషన్ నడుస్తూనే ఉంది. లక్ష డాలర్లూ పదిహేను డాలర్లూ ఒకే కుండలో తోడుకున్నాయి.

మీ మహిళామండలిలోనో, వీధిలోనో ఎవరైనా పదిమంది మేలుకని ఒక మొత్తం విడిచిపెడితే, కాగితం రాసేటప్పుడు రేపటి అవసరానికీ ఒక వాక్యం చోటుంచండి. లెక్క అందరికీ కనబడేలా చూడండి. పేరు చెప్పకుండా ఇచ్చిన చేతికి మనం చేయగల మర్యాద అదే.