తక్కువ ధర, మేలైన గుడ్డ: నెల్లిమర్ల మగవారి బట్టల బేరంలో చరిత్ర

చరిత్ర అంటే రాజుల వంశావళి, యుద్ధాల తేదీలు అని మీరు అనుకుంటూ ఉంటే ఒక్క నిమిషం పుస్తకం పక్కన పెట్టి మీ ఇంట్లో కొక్కేనికి వేలాడుతున్న చొక్కాను చూడండి. మీదే కానక్కర్లేదు, నాన్నదైనా అన్నదైనా సరే. ఆ గుడ్డ ఎక్కడ నేసింది? ఎవరు కుట్టారు? దాని అసలు ధర ఎంత, మీ ఇంటివారు ఇచ్చింది ఎంత? ఆ రెండింటి మధ్య తేడా ఎలా వచ్చింది? ఈ పాఠ్యభాగమంతా ఆ చివరి ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నమే.

ఇందుకు నెల్లిమర్లను ఉదాహరణగా తీసుకుంటున్నాం. చంపావతి నది పక్కన, హౌరా–చెన్నై రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో వచ్చిన జూట్ మిల్లుతో కార్మికుల ఊరయింది. చుట్టుపక్కల పండే గోగునారకు ప్రపంచ వాణిజ్యంలో భీమునిపట్నం రేవు పేరు మీద ‘బిమ్లీ జూట్’ అనే పేరు ఉండేది. మిల్లులో పనిచేసినవారు రోజంతా నేసింది గోనెగుడ్డ. తాము కట్టుకునే గుడ్డ మాత్రం ఎక్కడో మద్రాసులోనో బొంబాయిలోనో అహ్మదాబాదులోనో తయారై వచ్చేది. నేతపనివాడై ఉండి కూడా తన చొక్కా కోసం బజారులో బేరమాడవలసిన మనిషి మన కథానాయకుడు.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. ఇలాంటి బేరాలకు రశీదులు మిగలవు. ప్రభుత్వ ఉత్తర్వులు, మిల్లుల చరిత్ర కాగితం మీద దొరుకుతాయి. మిగతాది దర్జీల, ముసలివారి జ్ఞాపకంలో వెతుక్కోవాలి.

ఇచ్చిన బట్ట, కొన్న బట్ట

‘పాతబట్ట’ అనే మాటకు మన సమాజంలో కేవలం వాడిన గుడ్డ అనే అర్థం ఒక్కటే లేదు. రైతు పాలేరుకు, గృహస్థు చాకలికి, మంగలికి పండుగనాడో పెళ్ళినాడో బట్టలిచ్చే ఆచారం గ్రామ వ్యవస్థలో భాగం. కొత్తది ఇచ్చినవారు కొందరు, తాము విడిచినది ఇచ్చినవారు చాలామంది. చనిపోయినవారి బట్టలు చాకలికి ఇవ్వడం కూడా అనేక ఇళ్ళలో ఉండేది. పుచ్చుకునేవాడికి రంగు, కొలత, నాణ్యత ఎంచుకునే హక్కు లేదు. బేరమాడే హక్కు అసలే లేదు.

ఇది వట్టి అలవాటు కూడా కాదు. మనుస్మృతి పదవ అధ్యాయం చండాలులకు శవాల మీది వస్త్రాలనే ఉడుపులుగా విధించింది. 1927 డిసెంబరు 25న మహద్‌లో ఆ గ్రంథాన్ని దహనం చేసిన సందర్భంలోనే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ అక్కడికి వచ్చిన మహిళలతో శుభ్రంగా, కులాన్ని చాటని విధంగా బట్ట కట్టుకోవాలని చెప్పారు. ఆయన సూటు ధరించడాన్ని కొందరు ఆడంబరంగా చూస్తారు. ఈ నేపథ్యంలో చూస్తే అది ఆడంబరమని నేను అనుకోను.

మిల్లు కూలి చేతికి నగదు రావడంతో మారినది ఇదే. నగదు ఉన్నవాడు దుకాణం గుమ్మం ముందు నిలబడి ‘ఇది వద్దు, ఆ పైది చూపించు’ అనగలడు. చవక గుడ్డే కొన్నా, ఎంచుకున్నది తానే. మన ప్రాంతంలో వాడిన బట్టలు కొనడం కంటే కొత్త గుడ్డను చవకగా సంపాదించడం మీదే మగవారి దృష్టి ఎందుకు నిలిచిందో ఇక్కడినుంచి అర్థం చేసుకోవచ్చు. వాడిన చొక్కా ఎంత మంచిదైనా, ‘ఎవరిచ్చారు?’ అని ఊరివాళ్ళు అడుగుతారు.

అయినా పాతబట్టల వ్యాపారం లేకపోలేదు. పాత ప్యాంట్లు, చీరలు తీసుకొని స్టీలు గిన్నెలు ఇచ్చే ఆడవాళ్ళు మీ వీధికీ వచ్చే ఉంటారు. ఈ మార్పిడి వ్యాపారాన్ని గుజరాత్ మూలాలున్న వాఘ్రీ సముదాయం ఢిల్లీ వంటి నగరాల్లో పెద్ద ఎత్తున నడిపింది. అలా సేకరించిన వాటిని ఉతికి, రఫ్పు చేసి, ఇస్త్రీ పెట్టి మళ్ళీ అమ్ముతారు. పనికిరానివి నూలుగా మారడానికి పానిపట్టు చేరతాయి. విదేశాల్లో వాడిన బట్టలు నేరుగా అమ్మకానికి దిగుమతి చేసుకోవడం మీద మన దేశంలో ఆంక్షలున్నాయి. పీలికలు చేసిన గుడ్డకు మాత్రం దారి తేలిక.

దూరం సిగ్గును ఎలా మారుస్తుందో కూడా గమనించండి. అమెరికాకు చదువుకోసం వెళ్ళిన తెలుగు విద్యార్థులు మొదటి చలికాలానికి మందపాటి కోటును గుడ్‌విల్ వంటి పాతసామాను దుకాణంలో వెతుక్కోవడం మామూలు. ఆ సంస్థ 1902లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మత బోధకుడు బోస్టన్‌లో మొదలుపెట్టింది. ఇచ్చినవారెవరో తెలియదు, కొన్నవారెవరో అక్కడ ఎవరికీ పట్టదు. నెల్లిమర్లలో పాతకోటు తొడుక్కోవడానికి వెనకాడే ఇంటి కుర్రవాడే చికాగోలో గర్వంగా ఫొటో దిగి పంపుతాడు.

ధర అచ్చువేసిన గుడ్డ

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బట్ట దొరకడమే కష్టమైంది. మిల్లుల ఉత్పత్తిలో పెద్ద భాగం సైన్యానికి పోయింది, ధరలు విపరీతంగా పెరిగాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేయడంతో మన ప్రాంతానికి యుద్ధం దూరపు వార్తగా ఉండే రోజులు పోయాయి. 1943 జూన్‌లో ప్రభుత్వం నూలు, వస్త్ర నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం మిల్లులు గుడ్డ మీదనే గరిష్ఠ ధర ముద్ర వేయాలి. పేదవారి కోసం ‘స్టాండర్డ్ క్లాత్’ పేరుతో ముతక గుడ్డను తక్కువ ధరకు అమ్మించే పథకం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది.

ముద్ర ఒకటి, దుకాణం చెప్పే ధర ఇంకొకటి. సన్నగుడ్డ బల్లకిందకు పోయి, తెలిసినవారికే బయటికి వచ్చేది. 1948 జనవరిలో నియంత్రణ ఎత్తివేస్తే ధరలు ఎగబాకి, అదే ఏడాది మళ్ళీ నియంత్రణ పెట్టవలసి వచ్చింది. కలకత్తా జూట్ మిల్లుల్లోనో ఖరగ్‌పూర్ రైల్వేలోనో పనిచేసే చుట్టాలున్న ఇళ్ళకు ఇలాంటప్పుడు ఒక వెసులుబాటు ఉండేది. సెలవుకు వచ్చేవారి పెట్టెలో రెండు చొక్కాల గుడ్డ ఉండేది.

ఈ ధర ముద్రను గుర్తుపెట్టుకోండి. కొంతసేపటికి మళ్ళీ కనబడుతుంది.

కట్‌పీసుల కాలం

మగవారి బట్టల బేరంలో అసలైన విద్య కట్‌పీసుల దగ్గర పుట్టింది. ఈ తరం విద్యార్థుల్లో కొందరికి ఈ మాట సినిమాల సందర్భంలోనే తెలిసి ఉండవచ్చు. మనం మాట్లాడుకునేది గుడ్డ ముక్కల గురించి.

కట్‌పీసు రెండు దారుల్లో పుడుతుంది. మిల్లులో గుడ్డను పరీక్షించేటప్పుడు పేక తప్పినచోట, రంగు మారినచోట కోసేస్తారు. మిగిలిన పొట్టి ముక్కలను ‘ఫెంట్లు’ అంటారు, తూకానికో గంపగుత్తగానో అమ్మేస్తారు. రెండోది దుకాణంలోనే పుడుతుంది. లెక్క చూడండి. 58 అంగుళాల పన్నా ఉన్న గుడ్డలో పొడుగుచేతుల చొక్కాకు సుమారు 1.60 మీటర్లు కావాలి. 20 మీటర్ల తానులో 12 చొక్కాలు పోతే 19.20 మీటర్లు. మిగిలిన 80 సెంటీమీటర్లు పెద్దవాడి చొక్కాకు చాలవు, పిల్లవాడికి సరిపోతాయి. దుకాణదారుకు అది ఖాళీ కావలసిన ముక్క, తల్లికి స్కూలు చొక్కా. పాత ఫొటోల్లో తండ్రీకొడుకులు ఒకే రకం గుడ్డలో కనిపిస్తే అది ముచ్చటకే అనుకోకండి. చాలాసార్లు దాని వెనుక ఈ 80 సెంటీమీటర్లే ఉన్నాయి.

1960ల చివరి నుంచి టెరిలిన్, టెరికాటన్ వచ్చాక ఈ వేట ఇంకా రసవత్తరమైంది. ముడతపడని ప్యాంటు అప్పట్లో ఉద్యోగస్తుడి గుర్తు. తానులో కొనాలంటే నెల జీతంలో పెద్ద ముక్క పోతుంది, కట్‌పీసుగా అయితే అందుతుంది. ప్యాంటుకు అదే పన్నాలో 1.20 మీటర్లు చాలు. అందుకే 1.10 మీటర్ల ముక్క ముందు నిలబడి సన్నపాటి మనిషి సంతోషించేవాడు, లావుపాటివాడు దర్జీ వైపు దీనంగా చూసేవాడు.

కొనేవాడు నేర్చుకున్న పరీక్షలు కొన్ని ఇప్పటికీ పనికొస్తాయి. గుడ్డను వెలుతురుకు ఎత్తిపట్టి పడుగూ పేకా సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. అంచు మీద మిల్లు పేరు అచ్చు ఉందేమో వెతకాలి. దుకాణదారు ‘పక్కా కాటన్’ అంటే ఒక పోగు లాగి వెలిగించాలి. నూలైతే కాగితం కాలిన వాసనవచ్చి బూడిద రాలుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నూలుగుడ్డను కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి తమ్ముడికి పోతుంది. ఇక గుడ్డలో లోపం ఉంటే మంచి దర్జీ దాన్ని టక్ చేసే భాగంలోకో జేబు చాటుకో పంపేస్తాడు. చవక గుడ్డను మేలైన చొక్కాగా మార్చిన ఘనతలో సగం దర్జీది. ఆర్థిక చరిత్రలు ఆయనను పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

ఈ చవకదనానికి ఇంకో ముఖం ఉంది. 1982 జనవరి 18న బొంబాయిలో దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు 2.5 లక్షల మంది బట్టల మిల్లుల కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె తర్వాత అనేక మిల్లులు కోలుకోలేదు. నేత భివండీ వంటి పవర్‌లూమ్ కేంద్రాలకు తరలింది, అక్కడ కూలి తక్కువ, రక్షణ తక్కువ, గుడ్డ చవక. ఇటు నెల్లిమర్లలో 1994 జనవరి 29న జూట్ కార్మికుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. బొంబాయి కార్మికుడి ఓటమి వల్ల చవకైన గుడ్డను నెల్లిమర్ల కార్మికుడు కొన్నాడు, కొనడానికి కావలసిన కూలి కోసం తానూ వీధిలో నిలబడ్డాడు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి.

లేబుల్ కత్తిరించిన చొక్కా

రెడీమేడ్ బట్టలు పెరిగాక వేట జాగా మారింది. 1974 నుంచి 2004 చివరివరకు అంతర్జాతీయ బట్టల వాణిజ్యం కోటాల మీద నడిచింది. తిరుప్పూర్, బెంగళూరు వంటి చోట్ల ఎగుమతికి కుట్టినవాటిలో అదనంగా మిగిలినవి, చిన్నలోపంతో తిరస్కరణకు గురైనవి ‘ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్’ పేరుతో దేశమంతా తోపుడుబండ్లకు చేరాయి. లేబుల్ సగం కత్తిరించి ఉంటే అది అసలైనదనడానికి గుర్తు అని కొనేవారు నమ్మారు. అది గ్రహించి నకిలీవాళ్ళూ లేబుళ్ళు కత్తిరించడం మొదలుపెట్టారు! కాబట్టి లేబుల్‌ను వదిలి చొక్కాను తిరగేసి కుట్టు చూడాలి. కుట్లు దగ్గరగా ఉన్నాయా, గీతలగుడ్డ అయితే జేబు గీతలు ఒంటి గీతలతో కలిశాయా, కాలరు రెండు కొసలూ సమానమా? ఇవి కుదరాలంటే గుడ్డా సమయమూ ఎక్కువ పడతాయి, నకిలీవాడు ఆ రెండూ పెట్టడు.

తగ్గింపు అమ్మకాలకు మన క్యాలెండరులో ఒక సొంత నెల ఉంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, బట్టల కొనుగోలు పడిపోతుంది, శ్రావణానికి కొత్త సరుకు రావాలి. ఖాళీ నెలను వ్యాపారులు తగ్గింపు నెలగా మార్చారు. విజయనగరం గంటస్తంభం వైపు ఆ రోజుల్లో వెళ్ళి చూడండి. బోస్టన్‌లో ఫైలీన్ దుకాణం 1909లో నేలమాళిగలో ఇదే పనిని తేదీల లెక్కన చేసింది. సరుకు మీద తేదీ వేసేవారు. 12 అమ్మకపు రోజులకు పావువంతు, 18కి సగం, 24కు ముప్పావువంతు తగ్గేది, 30 రోజులకూ పోకపోతే దానధర్మాలకు ఇచ్చేసేవారు. ఇప్పుడు కొనాలా, ఇంకో వారం ఆగాలా? ఆగితే వేరెవరో ఎగరేసుకుపోతారు.

ఇక్కడ 1943 నాటి ధర ముద్రను గుర్తు తెచ్చుకోండి. ఆనాడు గుడ్డ మీది ధర రాజ్యం వేసిన కప్పు, దానికి మించి అమ్మితే నేరం. ఈనాడు చొక్కా అట్టముక్క మీది ధరను కంపెనీయే నిర్ణయిస్తుంది, తగ్గింపును అక్కడినుంచే లెక్కకడుతుంది. కాబట్టి ‘సగం ధర’ అనే బోర్డు కనబడితే సగం దేనిలో అని అడగడం చరిత్ర విద్యార్థిగా మీ పని.

నెల్లిమర్ల రైలుమార్గం మీదే శ్రీకాకుళం వైపు వెళితే పొందూరు వస్తుంది. కొండపత్తిని వాలుగ చేప దవడతో శుభ్రంచేసి, చేత్తో వడికి నేసే అక్కడి సన్నఖద్దరు పంచెలు అక్కినేని నాగేశ్వరరావు వంటి వారి ఇష్టంతో పేరు పొందాయి. వాటి ధర కూలి మనిషికి అందదు. గాంధీ జయంతినుంచి ఖాదీ దుకాణాలిచ్చే రిబేటు రోజుల కోసం మధ్యతరగతి వారు ఏడాదంతా కాచుకొని ఉండేది ఇందుకే. ఈ తగ్గింపులో మాత్రం ఒక తేడా ఉంది. తగ్గిన సొమ్మును నేతగాడి కూలిలోంచి కోయకుండా ప్రభుత్వం భరించడం రిబేటు పథకం ఉద్దేశం. నిజంగా అలాగే జరుగుతోందా అన్నది పొందూరు వెళ్ళి నూలు వడికే స్త్రీలను అడిగితే తెలుస్తుంది.

ఈ భాగానికి అభ్యాసం ఒక్కటే. మీ ఊళ్ళో అందరికంటే పెద్దవయసు దర్జీ దగ్గరకు వెళ్ళండి. వీలైతే ఆయన పాత కొలతల పుస్తకం చూపించమని అడగండి. అప్పట్లో ఒక ప్యాంటు గుడ్డ ఎంతకు వచ్చేదని అడిగితే ఆయన రూపాయల్లో చెప్పకపోవచ్చు, ఇన్ని రోజుల కూలి అని చెప్పవచ్చు. దాన్ని రూపాయల్లోకి మార్చకుండా అలాగే రాసుకోండి.