పుస్తెలు ఎవరి మెడలో, ఎందుకు? దిగువ కృష్ణా డెల్టా దళిత స్త్రీల పెళ్లి గుర్తుల చరిత్ర

పెళ్లయిన ఆడవాళ్లు ఇప్పటికీ పుస్తెలు వేసుకుంటున్నారా, మెట్టెలు పెట్టుకుంటున్నారా అనే చర్చ తెలుగులో పాతదే. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చిన రోజుల్లో స్త్రీవాదం చుట్టూ వాదోపవాదాలు బాగా వేడెక్కాయి. తాళి పలుపుతాడని ఒకవైపు, మన సంస్కృతి అని ఇంకోవైపు వాదించుకున్నారు. ఒక విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. ఆడవాళ్లందరికీ తాళి ఒకటే అనుకున్నారు. ఆ మెడ ఏ కులానిది, పుస్తెలు మెడలో ఉన్నాయా తాకట్టులో ఉన్నాయా, పెళ్లి పందిట్లో జరిగిందా చర్చిలో జరిగిందా అని అడిగినవాళ్లు తక్కువ. బందరు, గుడివాడ, దివిసీమల్లోని మాలపల్లెలు, మాదిగ గూడేల వైపు నుంచి చూస్తే ముందు ఎదురయ్యేవి ఈ ప్రశ్నలే. మేము ఆ వైపు నుంచే చూస్తాం.

అసలు తాళి వేదకాలం నాటిదని చెప్పడమే తప్పు. పాత గృహ్యసూత్రాల్లో పెళ్లికి ముఖ్యమైనవి పాణిగ్రహణం, సప్తపది. మంగళసూత్రం కట్టడం ఆ సూత్రాలకు తెలియదని ధర్మశాస్త్ర చరిత్ర రాసిన పి.వి.కాణే అంతటి పండితుడే ఒప్పుకున్నాడు. 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్‌ కూడా సప్తపది పేరెత్తింది గానీ తాళి పేరెత్తలేదు. మరి తాళి ఎక్కడిది? దక్షిణాది శూద్ర, అతిశూద్ర కులాల పెళ్లిళ్లలో అది బలంగా ఉంది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాలుగా అచ్చువేసిన కులాల వివరాల్లో మాల, మాదిగ పెళ్లిళ్ల సంగతులూ ఉన్నాయి, పెళ్లి గుర్తుగా మెడలో కట్టే బొట్టూ ఉంది. మన తాళిబొట్టు అనే మాటలో ఆ పాత బొట్టే ఉంది. థర్‌స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలిచిన వలస ప్రభుత్వపు ఉద్యోగి, ఆయన చూపుని జాగ్రత్తగానే తీసుకోవాలి. కానీ కట్టినదాన్ని బ్రాహ్మణ మంత్రం పుట్టించలేదని మాత్రం ఆ రాతల్ని బట్టి తెలుస్తుంది.

ఇంకో తేడా ఇంతకంటే పెద్దది. అగ్రవర్ణాల్లో మొగుడు పోతే తెగిన తాళి మళ్లీ మెడకెక్కేది కాదు. అందుకే 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం చేయించిన వితంతు వివాహం అంత సంచలనం అయింది. అదే కాలంలో మాల, మాదిగ ఇళ్లల్లో మారుమనువు ఉంది. ఓలి ఇచ్చి పిల్లని తెచ్చుకోవడం, కుదరకపోతే కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకోవడం, ఇంకొకరితో మనువాడటం మామూలు సంగతులు. తెలుగు సంస్కరణ చరిత్ర మొదలుపెట్టేటప్పుడు ఈ మారుమనువుని లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే అది సంస్కర్తలు ఇచ్చింది కాదు. అలాగని మన వాడల్లో మగవాళ్ల పెత్తనం లేదని మేము అనటం లేదు. కులపెద్దలందరూ మగవాళ్లే, ఓలి సొమ్ము చేరింది తండ్రి చేతికే. చదువుకుని ఉద్యోగాల్లోకి వచ్చిన కుటుంబాల్లో ఓలి పోయి కట్నం వచ్చింది. ఆ ఇళ్లల్లోనే మారుమనువు మాట చెప్పుకోవటం నామోషీ అయింది. పైకులాల మర్యాదతో పాటు వాళ్ల వితంతు నియమాలు కూడా కొంత మన గడపలోకొచ్చాయి.

బందరుకి 1841లో సి.ఎం.ఎస్. మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ వచ్చారు. నోబుల్ 1843లో బడి పెట్టాడు, ఆయన ఆశంతా అగ్రవర్ణాల పిల్లల మీదే. మలుపు తెచ్చింది మాత్రం 1859లో బాప్తిస్మం పుచ్చుకున్న రాఘవాపురం మాల రైతు పగోలు వెంకయ్య లాంటివాళ్లు. తర్వాత పల్లెలకు పల్లెలే కదిలాయి. దివిసీమలో అవనిగడ్డ వైపు కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. దొరలు ఉంగరం తెచ్చారు, మనవాళ్లు పుస్తె వదల్లేదు. చివరికి పాదిరి ప్రార్థన చేశాక పెళ్లికొడుకు సిలువ గుర్తున్న సూత్రాన్ని కట్టే పద్ధతి నిలబడింది. 1947లో ఏర్పడ్డ దక్షిణ ఇండియా సంఘం పెళ్లి ఆరాధనలో సూత్రానికీ చోటుంది. పెంతెకొస్తు సంఘాలు వచ్చాక కథ మళ్లీ మారింది. వాళ్లు మొదటి పేతురు పత్రిక 3వ అధ్యాయం చూపించి నగలు తీసెయ్యమంటారు. చెవులకు కమ్మలు, నుదుట బొట్టు, కొన్ని సంఘాల్లో పుస్తెలు కూడా లేకుండా పొలానికెళ్లే ఆడవాళ్లు మన పల్లెల్లో కొత్త కాదు. తాళి తీసేసిన స్త్రీల గురించి రాసేవాళ్లు పట్నంలో చదువుకున్నవాళ్లనే లెక్కపెడతారు గానీ, వీళ్లని లెక్కపెట్టరు.

గుడివాడ వైపు నుంచి వచ్చిన సంస్కరణ సంగతి కూడా చెప్పుకోవాలి. 1887లో అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాలు పక్కనబెట్టి తెలుగులో 'వివాహ విధి' రాశాడు. పురోహితుడి మీద అది గట్టి దెబ్బే, కాదనం. అయితే పెళ్లి భాష మారింది గానీ పెళ్లి కులం దాటలేదు. ఆ దాటే పని బందరు హిందూ కాలేజీలో పాఠాలు చెప్పి, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా ఇంట్లో జరిగింది. ఆయన కూతురు మనోరమ, దళిత యువకుడు అర్జునరావుల పెళ్లికి గాంధీ ఒప్పుకున్నాడు. ఆయన హత్య తర్వాత 1948 మార్చిలో సేవాగ్రామంలో ఆ పెళ్లి జరిగింది. కమ్యూనిస్టుల దండల పెళ్లిళ్లూ ఈ ప్రాంతానికి బాగా తెలుసు. దండలు మార్చుకున్న ఎన్ని పెళ్లిళ్లలో కులాలు కూడా మారాయన్నదే మా ప్రశ్న.

ఇక బంగారం సంగతి. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ అంటరాని స్త్రీలతో చాలా సూటిగా మాట్లాడాడు. చేతుల నిండా, మెడ నిండా మోసే ఆ లోహపు నగలు మీ కులాన్ని చాటుతున్నాయి, వాటిని వదలండి, పెట్టుకుంటే బంగారం పెట్టుకోండి, లేకపోతే మానెయ్యండి అన్నది ఆయన సలహా సారం. అంతకు ముందు 1915లో కేరళలో అయ్యంకాళి నాయకత్వాన పులయ స్త్రీలు కులం గుర్తయిన రాతిపూసల దండలు తెంచి పారేశారు. నగ తీసెయ్యటం అక్కడ విముక్తి. అంబేద్కర్ మాటలో మాత్రం పెట్టుకోవటానికీ చోటుంది. మన డెల్టాలో కూలి చేసుకునే ఇంట్లో పుస్తెల బంగారం మర్యాదే కాదు, బ్యాంకు కూడా. పుట్టింటివాళ్లది ఒక పుస్తె, అత్తింటివాళ్లది ఒక పుస్తె. పంట పోయినా, పిల్లాడి ఫీజైనా, ఆసుపత్రైనా మొదట కదిలేది అవే. పుస్తెలు తాకట్టుకి వెళ్తే పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టుకుంటారు. ఆ పసుపు కొమ్ముని చూసి ఎంత సంప్రదాయం అని ముచ్చటపడే పట్నం మనిషికి దాని వెనక వడ్డీ లెక్క కనబడదు. వెండి మెట్టెలు నాట్ల బురదలో జారిపోతాయని తీసి దాచుకునే మనిషిని ఏ పక్షంలో వెయ్యాలి?

బందరు పక్కనే చిలకలపూడి ఉంది. రాగి మీద సన్నటి బంగారు పూత పూసే రోల్డ్‌గోల్డు నగలకు ఈ ఊరు దేశమంతా పేరు. ఇక్కడి గొలుసులూ నల్లపూసలే ఎందరో కూలీ ఆడవాళ్ల మెడల్లో ఉంటాయి. అసలువి కుదవలో ఉంటే ఇవి మెడలో ఉండి పరువు కాపాడతాయి. గొలుసులు అల్లటం, రాళ్లు అతకటం లాంటి పనులు ఆ చుట్టుపక్కల ఇళ్లల్లో ఆడవాళ్లే ముక్కకింత కూలికి చేస్తుంటారు. ఆ నగ ఎవరి మెడలో పడినా తయారుచేసిన చేతికి దక్కేది ఆ ముక్క కూలే.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో పదివేల మంది దాకా పొట్టన పెట్టుకుంది. నాగాయలంక, కోడూరు వైపు తీరంలో ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ఎవరివో తెలియకుండానే కుప్పలుగా కాల్చేసిన శవాలెన్నో. మొగుడి శవం దొరకని ఆడది పుస్తె ఎప్పుడు తియ్యాలి? చట్టం ప్రకారమైతే కనబడకుండా ఏడేళ్లు గడవాలి. శాస్త్రం చెప్పే పురోహితుడు మన వాడకు రాడు.

ఇవాళ ఈ గుర్తుల మీద ఇంకో కన్ను పడింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులకు లేదు, మన రాష్ట్రంలో వాళ్లని బి.సి.-సి లో పెట్టారు. కుల ధ్రువపత్రాలకు 1993లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. విచారణంటే అధికారి ఇంటి గోడ మీద పటం చూస్తాడు, ఇల్లాలి నుదురు చూస్తాడు, మెడ చూస్తాడు. 2024 నవంబరులో పుదుచ్చేరి స్త్రీ ఒకామె కేసులో, క్రైస్తవం పాటిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవటం కుదరదని సుప్రీంకోర్టు అన్నది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవాడికి 1989 అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది.

ఈ తీర్పుల్లో కనబడేది మగవాడి పేరో ఒక కాగితమో గానీ, దెబ్బ తగిలేది ఇంట్లో ఆడదాని ఒంటి మీద. ఆమె చర్చిలో పెళ్లి చేసుకుంటే 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద రిజిస్టరులో సంతకం ఉంటుంది. ఆ సంతకమే రేపు కొడుకు సర్టిఫికెట్‌కి అడ్డం. అందుకని ఇంటి దగ్గర పందిరేసి బొట్టు పెట్టి పుస్తె కట్టి, ఆ తర్వాత పాస్టరు చేత ప్రార్థన చేయించుకునేవాళ్లున్నారు. ఆదివారం ఆరాధనకి వెళ్లేటప్పుడు బొట్టు తుడుచుకుని, సోమవారం తహశీల్దారు ఆఫీసుకి పెట్టుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. పొలం గట్టు మీద కులం పేరు పెట్టి తిట్టేవాడు మాత్రం ఆమె నుదుటి మీద బొట్టుందో లేదో చూసి తిట్టడు.