ఎక్స్ విభాగంలో పట్టభద్రులు

1968 నాటి జాతీయ వృత్తుల వర్గీకరణలో కమ్మరికి ఒక సంఖ్య ఉంది, నర్సుకు ఒకటి, లారీ డ్రైవరుకు ఒకటి. డిగ్రీ పూర్తిచేసి మొదటిసారి ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకు మాత్రం ఏ వృత్తి సంఖ్యా లేదు. వాళ్ళంతా ‘ఎక్స్’ అనే చివరి విభాగంలోకి వెళ్ళేవారు. ఏ వృత్తి కిందా చేర్చడానికి వీల్లేనివాళ్ళు, కొత్తగా పని కోరి వచ్చినవాళ్ళు ఉండే విభాగం అది. జిల్లా ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో గుమాస్తాగా చేరిన నాటినుంచి బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్ళ కార్డుల మీద ఆ అక్షరం రాస్తూనే వచ్చాను. ఐటీఐ నుంచి వచ్చిన ఫిట్టరు పేరు పక్కన అతని పని ఉండేది. పదిహేనేళ్ళు చదివిన కెమిస్ట్రీ అమ్మాయి పేరు పక్కన ఉండేది కాదు. మా శాఖ చరిత్రంతా ఈ ఖాళీ చుట్టూ తిరిగిందని నా నమ్మకం.

ఈ ఆఫీసులు అసలు విద్యార్థుల కోసం పుట్టినవి కావు. రెండో ప్రపంచయుద్ధం ముగిసే వేళ, 1945లో, సైన్యం నుంచి ఇళ్ళకు తిరిగొచ్చేవాళ్ళకు పని చూపించడానికి పెట్టారు. దేశ విభజన తర్వాత కాందిశీకులు వచ్చారు. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. బి. శివరావు కమిటీ సిఫారసుల మీద 1956 నవంబరు 1న రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పుట్టిందీ ఆ రోజే, కాబట్టి మా శాఖకూ రాష్ట్రానికీ ఒకటే వయసు.

1959లో ఖాళీల నోటిఫికేషన్‌ను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది మే 1 నుంచి అమలైంది. ప్రభుత్వ సంస్థలు, పాతికమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీ వస్తే మాకు తెలపాల్సి ఉండేది. అంతవరకే. మేము పంపినవాళ్ళనే తీసుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు, తీసుకోనక్కర్లేదని నాలుగో సెక్షన్‌లో స్పష్టంగానే ఉంది. ఈ సంగతి మా కిటికీ ముందు నిలబడ్డవాళ్ళలో నూటికి ఒక్కరికైనా తెలుసో లేదో! కార్డు ఉంటే ఎప్పటికైనా కాల్ లెటర్ వస్తుందని ఊరూరా నమ్మారు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు, సీనియారిటీ ఆ రోజునుంచే లెక్క కదా. మా దగ్గర ఉండేది ఎక్స్-1 కార్డు, అభ్యర్థి చేతికిచ్చేది ఎక్స్-10. ఇంటర్ పాసైతే ఒకసారి, డిగ్రీ అయ్యాక ఇంకోసారి వచ్చి అర్హత చేర్పించుకోవాలి. మూడేళ్ళకోసారి రెన్యువల్. తేదీ దాటిందా, ఏళ్ళ సీనియారిటీ గంగలో కలిసేది. రెన్యువల్ మరిచిపోయిన కొడుకు కోసం ఒక తల్లి మా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ పోయిన సీనియారిటీని వెనక్కి ఇచ్చే అధికారం మా ఆఫీసులో ఎవరికీ లేదు.

దానికి తోడు 1975 రాష్ట్రపతి ఉత్తర్వులతో లోకల్, నాన్‌లోకల్ లెక్క వచ్చింది. నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివావన్నదాన్ని బట్టి ఏ జిల్లా, ఏ జోన్ ఉద్యోగానికి అర్హుడివో తేలేది. పదేళ్ళ వయసులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్న పిల్లవాడికి ఆ స్టడీ సర్టిఫికెట్లు ఇరవై రెండో ఏట అడ్డం పడేవి.

వరసలో నిలబడ్డవాడు వరస వదిలి పోలేడు. నాకు కష్టం కలిగించింది అదే. చదువుకున్న కుర్రాడు ఏం నేర్చుకోవాలి, ఎక్కడికి పోవాలి అని ఆలోచించాల్సిన వయసులో నంబరు ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉండిపోయాడు.

ఆ వరసను చెదరగొట్టినవి కోర్టు తీర్పులే. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ ద్వారానే తీసుకోవాలని చట్టం బలవంతపెట్టదని, కాని ప్రభుత్వం తన నియామకాలకు ఆ నియమం పెట్టుకుంటే తప్పు కాదని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. రాసినది మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. తొమ్మిదేళ్ళకు, 1996లో, కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో ఆ కోర్టే ఇంకో అడుగు వేసింది: ఎక్స్ఛేంజీ జాబితా ఒక్కటే చాలదు, పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, రేడియోలో, టీవీలో చెప్పాలి, వచ్చినవాళ్ళందర్నీ పరిశీలించాలి. మా ఆఫీసులో చాలామంది దిగాలుపడ్డారు. నేను సంతోషించాను. ఖాళీ ఉన్న సంగతి మాకు కిటికీ లోపల తెలిసినంత తొందరగా ఊళ్ళో రైతు కొడుక్కీ తెలియడమే న్యాయం.

ఆ తర్వాత సీనియారిటీ స్థానంలోకి పరీక్ష వచ్చింది. కోచింగంటే గ్రూప్స్‌కి హైదరాబాదు అశోక్‌నగర్, బ్యాంకులకి నంద్యాల, డీఎస్సీకి అవనిగడ్డ అని జనం నోళ్ళలో స్థిరపడ్డాయి. కొత్త దారే, కాని అదీ ఒక వరసే. పట్టభద్రుడికి తన చదువుతో ఏ పని చేయగలడో చెప్పేవాళ్ళు అక్కడా లేరు.

చెప్పడానికి పెట్టినవి విశ్వవిద్యాలయాల్లోని ఉపాధి సమాచార, మార్గదర్శక కేంద్రాలు. ఆంధ్రలో ఉంది, ఉస్మానియాలో ఉంది. అలాంటి ఒక క్యాంపస్ కేంద్రంలో కొన్నాళ్ళు పనిచేశాను, నా ఉద్యోగ జీవితంలో సార్థకమైన కాలం అదే. కైకలూరు వైపు నుంచి వచ్చిన ఎమ్మెస్సీ జువాలజీ విద్యార్థిని ఒకరోజు అడిగింది:

“సార్, బీఎడ్ తప్ప నాకు ఇంకేదైనా ఉందా?”

“మీ ఊరి చుట్టూ ఏముందమ్మా?”

“చేపల చెరువులు సార్.”

“మరి ఆ చెరువుల్లో రోగం వస్తే ఎవర్ని పిలుస్తున్నారు?”

కాసేపు ఆలోచించి, మందుల దుకాణం అతన్ని అంది. ఆ మధ్యాహ్నమంతా కూర్చున్నాం. కోస్తా పొడవునా రొయ్య పిల్లల హేచరీలు ఉన్నాయి. ఎగుమతి చేసే ప్రాసెసింగ్ ప్లాంట్లలో నాణ్యత పరీక్షించే ల్యాబులు ఉన్నాయి, విదేశాల్లో సరుకు తిప్పి పంపకుండా యాంటీబయోటిక్ అవశేషాలు అక్కడ చూస్తారు. ఆమె సిలబస్‌లో ఉన్న పారాసైటాలజీ సరిగ్గా ఆ చెరువుల్లో, హేచరీల్లో పనికొచ్చేదే. అయిదేళ్ళు చదివినా ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. సెలవుల్లో ఏ హేచరీకి వెళ్ళి చూడాలో, యజమానిని ఏం అడగాలో కాగితం మీద రాసిచ్చాను.

ఇలా కూర్చుని మాట్లాడటానికి ఒక్కో మనిషికి గంటలు పడతాయి. వేలమంది చదివే క్యాంపస్‌లో మేము ఇద్దరం, ముగ్గురం. రెన్యువల్ గడువు దగ్గరపడితే ఆ ముగ్గురమూ కార్డుల దగ్గరే. కేంద్రం పేరులో మార్గదర్శకత్వం ఉన్నా మనుషులందర్నీ రిజిస్ట్రేషనే మింగేసింది.

2015 జులైలో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వచ్చింది. పాత కేంద్రాలు కొన్ని మోడల్ కెరీర్ సెంటర్లయ్యాయి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని కేంద్రం అందులో ఒకటి. కార్డు మొయ్యక్కర్లేదు, ఖాళీలు ఫోన్లోనే కనబడతాయి. గుమాస్తా పని యంత్రం తీసుకుంది కాబట్టి, మిగిలిన మనుషుల్ని ఇప్పుడైనా విద్యార్థుల ఎదుట కూర్చోబెట్టమని కోరుతున్నాను. అదీ ఆఖరి సెమిస్టరులో కాదు. ఏ పేపరు ఎంచుకోవాలో, ఏ వేసవిలో ఏ ఫ్యాక్టరీ గడప తొక్కాలో నిర్ణయించుకునే వీలున్న రెండో సంవత్సరంలో.