కథకు ముందే గీసిన పటం

లేని దేశానికి గీసిన పటం పుస్తకానికి అలంకారం మాత్రమేనన్న అభిప్రాయం పాతదే. కథంతా అయ్యాక చిత్రకారుడెవరో గీసి అతికించేదానికి అంత విలువెందుకంటారు. ఈ మాటకు ఆధారం లేకపోలేదు. థామస్ మోర్ 'యుటోపియా' 1516లో వెలువడినప్పుడు అందులో ఉన్న దీవి పటం ఆయన గీసింది కాదు. 1518 నాటి బాసెల్ ముద్రణకు ఆంబ్రోసియస్ హోల్బైన్ వేరే పటం వేశాడు. ఆ రెండూ లేకపోయినా మోర్ వాదానికి వచ్చే లోటేమీ లేదు. కానీ ప్రయాణం మీద నిలబడిన కథల చరిత్ర వేరు. అక్కడ పటమే ముందు పుట్టింది, కథ దాని వెంట నడిచింది.

నండూరి రామమోహనరావు అనువాదం వల్ల తెలుగువాళ్ళకు 'కాంచన ద్వీపం'గా పరిచయమైన ట్రెజర్ ఐలాండ్ సంగతే చూడండి. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ సరదాగా ఒక దీవి బొమ్మ గీసి రంగులు వేశాడు. అప్పటికి కథ లేదు. ఆ రేవులనూ అడవులనూ చూస్తుంటే మనుషులు కనిపించారని, పదిహేను రోజుల్లో పదిహేను అధ్యాయాలు రాశానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఇందులో ఊహ ఒక్కటే పని చేసిందనుకుంటే పొరపాటు. పటంలో రెండు రేవులు పడ్డాయి కాబట్టే కథలోని హిస్పానియోలా ఓడ ఇజ్రాయెల్ హ్యాండ్స్ అనే సముద్రదొంగతో ఒక చోటినుంచి మరో చోటికి తిరగాల్సి వచ్చిందని కూడా ఆయన ఒప్పుకున్నాడు. అంటే ఆలోచించకుండా గీసిన గీత ఒకటి కథలోని అత్యంత ఉత్కంఠభరితమైన ఘట్టాన్ని పుట్టించింది. నా వాదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

స్టీవెన్సన్‌కు పటం ఊపిరిపోస్తే, టోల్కీన్‌కు కళ్ళెం వేసింది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాస్తున్నప్పుడు ఆయన వాడిన పటం కాగితాల మీద కాగితాలు అతికించినది. రెండేసి సెంటీమీటర్ల గళ్ళు, గడికి వంద మైళ్ళు. ఎవరు ఏ రోజుకు ఎంత దూరం నడవగలరో ఆ గళ్ళే తేల్చేవి. దూరం తేలితే తేదీ తేలుతుంది, తేదీ తేలితే ఆ రాత్రి ఆకాశంలో చంద్రుడు ఎలా ఉండాలో కూడా తేలిపోతుంది. 1944లో తన కథలో చంద్రుడు అసాధ్యమైన పనులు చేస్తున్నాడని గమనించి, ఆయన వెనకటి అధ్యాయాలను తిరగరాశాడు. 1954లో అచ్చయిన పటాన్ని గీసింది ఆయన కొడుకు క్రిస్టఫర్. ఆ కథలోని మోర్డోర్ దేశం చుట్టూ కొండలు గోడల్లా మూలలు తిరుగుతాయే, నిజమైన భూమి మీద అలా ఉంటుందా అని అడిగేవాళ్ళున్నారు. భూగర్భశాస్త్రం లెక్కన ఆ ఆక్షేపణ సబబే. అయితే ఈ పటం జవాబు చెప్పవలసింది రాళ్ళ పుట్టుకకు కాదు, నడిచేవాడి కాళ్ళకు.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మన దేశం నుంచే వస్తుంది. ఆర్.కె. నారాయణ్‌కు 1930లో మాల్గుడి ఒక చిన్న రైల్వే స్టేషన్‌గా, ఒక పేరుగా తట్టింది. ఆ ఊరి పటాన్ని చాలా ఏళ్ళ తర్వాత ఇతరులు గీశారు. పటం లేకుండానే అంత సజీవమైన ఊరు వెలిసింది కదా! నిజమే. కానీ మాల్గుడిలో మలుపులు మనుషుల మధ్య పుడతాయి. సరయూ నది ఒడ్డు స్టేషన్‌కు ఎన్ని ఫర్లాంగులన్నది అక్కడ కథను మార్చదు. దూరమే విధిగా మారిన కథలో మాత్రం కొలత లేకపోతే నమ్మకం ఉండదు.

క్రమం తలకిందులైతే ఏమవుతుందో స్టీవెన్సన్‌కే అనుభవమైంది. ప్రచురణకర్తలకు పంపిన అసలు పటం దారిలో పోయింది. పుస్తకంలోని ప్రతి ప్రస్తావననూ ఏరి, వృత్తలేఖిని పట్టుకుని వాటికి సరిపడే పటాన్ని మళ్ళీ కట్టుకురావలసి వచ్చింది. దాన్ని తండ్రి కార్యాలయంలో గీశారు. కథలో నిధి దాచిన సముద్రదొంగ కెప్టెన్ ఫ్లింట్ సంతకాన్ని తండ్రే స్వయంగా చేతిరాత మార్చి చేశాడు. తిమింగలాలు, ఓడలు కూడా చేరాయి. అయినా అది తనకెప్పుడూ ఆ దీవిలా అనిపించలేదని స్టీవెన్సన్ రాశాడు. 1883 నాటి పుస్తకంలో అచ్చయింది ఆ రెండో పటమే.