గండికోట సీమలో క్రిస్మస్ విందు: ఒక సింహావలోకనం

పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చుకుని పారే చోట నిలిచిన గండికోటలో, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదులతో పాటు చూసి తీరవలసిన మరో కట్టడం ధాన్యాగారం. వాన మీద నమ్మకం పెట్టుకోలేని నేలను ఏలినవారు బురుజుల మీద ఎంత శ్రద్ధ పెట్టారో గింజలు దాచే చోటు మీదా అంతే పెట్టారు. కోటలో రాజులకు ధాన్యాగారమైతే, కింద ఊళ్లలో రైతుకు గాదె, కూలివాడికి ఉట్టి మీద కుండ. ఈ పూట వండినది రేపటికి ఎంత మిగులుతుందన్న ఆలోచన మీదే ఈ సీమ వంటిల్లు నడిచింది. క్రిస్మస్ ఈ వంటిళ్లలోకి ఎలా వచ్చింది, ఆనాటి విందు మర్నాటికి ఎలా అందింది అన్నది మన ప్రాంత చరిత్రలో వివరంగా రాసుకోవలసిన అధ్యాయం.

క్రైస్తవులు గండికోటలో అడుగుపెట్టడం పాత సంగతే. పెమ్మసాని నాయకుల చేతినుంచి కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైన కొద్దికాలానికే, 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ అతణ్ణి కలవడానికి ఇక్కడికి వచ్చాడు. క్లాడ్ మైల్ అనే ఫ్రెంచివాడు కోటలో ఫిరంగులు పోతపోసే పనిలో ఉన్నట్టు ఆయన రాసిపెట్టాడు. వాళ్లు వచ్చినవారే తప్ప ఇక్కడ నిలిచినవారు కారు. వారి పండగ ఈ నేలకు అంటలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో పుదుచ్చేరి వైపునుంచి వచ్చిన ఫ్రెంచి జెసూట్ పాదిరుల దారి వేరు. కాషాయం కట్టి, సన్యాసుల నియమాలు పాటించి, మాంసం, మద్యం ముట్టకుండా వాళ్లు రాయలసీమ రెడ్ల మధ్య మత బోధ చేశారు. కాబట్టి ఈ సీమలో తొలినాటి గురువుల పండగ భోజనం శాకాహారమే. ఆ రెడ్డి కుటుంబాల్లో చాలా భాగం యుద్ధాలకు, అలజడులకు తాళలేక ఆ శతాబ్దం నడుమ గుంటూరు సీమకు తరలిపోయాయి. ఫిరంగిపురం వంటి ఊళ్లలో వారి కథ కొనసాగింది. ఇక్కడ మాత్రం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాడు. 1822లో లండన్ మిషన్ వారు కడపలో స్థిరపడ్డారు. 1850ల నాటికి ఆంగ్లికన్ పాదిరులు ముత్యాలపాడు, నంద్యాల వైపు పని సాగించారు. అప్పుడు మాలపల్లెలు క్రైస్తవం వైపు కదిలాయి. ఆ పల్లెల తిండి ఎలా ఉండేదో తెలియకుండా క్రిస్మస్ విందు విలువ అర్థం కాదు. పొద్దంతా పెద్దింటి చేలో పనిచేసినందుకు కొలిచి ఇచ్చే గింజలు, పెరట్లో నిలబడి చేటలోనో ముంతలోనో పోయించుకునే సద్ది సంగటి, పెళ్లిళ్లకు, పండగలకు పంక్తి లేచాక మిగిలినది. ఇతరుల ఇళ్లలో మిగిలినదే వారి పండగ. నా దృష్టిలో రాయలసీమ క్రిస్మస్ చరిత్రకు అసలు మలుపు కేకు కాదు, నక్షత్రం దీపమూ కాదు. తమ ఇంట వండుకుని, తిని, ఇంకా మిగిలిందని చెప్పుకోగలిగిన రోజు ఒకటి ఏడాదిలో రావడమే ఆ మలుపు.

అది ఒక్కసారిగా రాలేదు. 1876–78 నాటి ధాత కరువు కడప, కర్నూలు జిల్లాలను పీల్చి పిప్పిచేసింది. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే అరకిలో కూడా లేని ధాన్యం, కాస్త చిల్లర చాలునని కరువు పర్యవేక్షణకు వచ్చిన ఆంగ్ల అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. అది మనిషిని నిలబెట్టదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఎదురు వాదించాడు. లక్షల ప్రాణాలు పోయిన ఆ కాలంలో గంజి పోసిన చోట్లలో మిషన్ బంగళాలూ ఉన్నాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో క్రైస్తవ సంఘాలు పెరిగాయి. ఆకలి తెచ్చిన విశ్వాసమని కొందరు దాన్ని తేలిక చేస్తారు. కరువు పోయి పంటలు పండిన తర్వాత కూడా, నాలుగైదు తరాలుగా ఆ సంఘాల గుడులు నిండుతూనే ఉన్నాయన్న సంగతి ఆ మాటకు తగిన జవాబు.

1890లలో లండన్ మిషన్ వైద్యుడు క్యాంప్‌బెల్ దొర జమ్మలమడుగులో ఆసుపత్రికి పునాది వేశాడు. గండికోటకు పదిహేను కిలోమీటర్ల దూరంలోని ఆ ఊరు చుట్టుపక్కల క్రైస్తవులకు కేంద్రమైంది. మిషన్ బంగళా వంటగదిలోంచి కేకు, రొట్టె, టీ నీళ్లు బయటికి వచ్చాయి. పల్లెలోంచి నిప్పట్లు, అత్తిరాసాలు, ఓళిగలు బంగళాకు వెళ్లాయి. గుడి ఆవరణలో సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు మొదలైంది. దానికి గింజలు ఎక్కడినుంచి? సంఘం స్త్రీలు ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు గింజలు తీసి వేరే కుండలో వేసేవారు. రోజూ తగ్గించుకున్న ఆ పిడికెళ్లే పండగనాడు గుండిగల్లో ఉడికాయి. ధాన్యాగారం కట్టించిన నాయకుల ముందుచూపుకు ఈ తల్లుల ముందుచూపు ఏమాత్రం తీసిపోదు. డిసెంబరు నెల కూడా ఈ ఏర్పాటుకు కలిసివచ్చింది. అప్పటికి కొర్రలు ఇల్లు చేరి, చెనిక్కాయలు పీకి ఉంటాయి. 1860లలో తవ్విన కర్నూలు–కడప కాలువ కింద పండిన వరి అంగళ్లకు వచ్చేది. ఏడాదంతా జొన్నరొట్టె, రాగి సంగటి తిన్న ఇంట్లో తెల్లన్నం కనబడేది ఆనాడే.

ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఇంటి విందు ఒక రూపానికి వచ్చింది. ముందురోజు సున్నం కొట్టి, అరుగులు అలికి, పిండివంటలు చేయడం, రాత్రంతా పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరగడం, పొద్దున ఆరాధన, మధ్యాహ్నం తెల్లన్నం, అలసంద వడలు, నాటుకోడి పులుసు, స్తోమతు ఉంటే పొట్టేలి మాంసం, లేకుంటే పెద్దకూర. సంగటీ ఊరిబిండీ కూడా పోలేదు, పెద్దవాళ్లకు అవి లేనిదే భోజనమైనట్టు ఉండేది కాదు.

ఇక మిగిలిన వాటి సంగతి. మా ప్రాంతపు ఆడవాళ్ల నేర్పు అంతా ఇక్కడే ఉంది. అన్నంలో రాత్రే నీళ్లు పోస్తే తెల్లారికి సద్ది. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, ఊరగాయ తోడుంటే పండగ అలసట తీరిపోతుంది. ఇంకా మిగిలితే జీలకర్ర, కారం వేసి నూరి, గుడ్డ మీద వడియాలు పెట్టేవారు. సంగటి ముద్దను మజ్జిగలో పిసికితే అంబలి. వడలను పెరుగులో నానబెడితే సాయంత్రానికి కొత్త వంట. ఓళిగలు పెనం మీద మళ్లీ కాలితే మొదటి రోజుకంటే కమ్మగా ఉంటాయని పిల్లలందరికీ తెలుసు. కోడి కూరను పూటపూటా మరగబెట్టేవారు. పులుసు ఇంకి, ముక్క నల్లబడి, మూడో రోజుకు జొన్నరొట్టెలో నంజుకునే ఇగురయ్యేది. వండకుండా ఉంచిన మాంసాన్ని పొడవాటి పీలికలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దారానికి గుచ్చి దండెం మీద ఆరవేసేవారు. తడి లేని డిసెంబరు ఎండలో, చలిగాలిలో అవి కట్టెల్లా ఎండేవి. వాటినే ఉప్పుకండలని, ఎండు తునకలని అంటారు. వేసవిలో చింతాకు వేసి వండితే క్రిస్మస్ మాంసం ఉగాది నాటికీ పళ్లెంలోకి వచ్చేది. మెత్తని ముక్క పిల్లలకు, ఎముక పులుసు బాలింతకు అన్న పంపకం చెప్పకుండానే జరిగిపోయేది.

మిగిలినదంతా ఇంట్లోనే ఉండేది కాదు. సాయిబుల ఇళ్లకు పంపాలంటే మాంసం వారి పద్ధతిలో కోసినదై ఉండాలి కాబట్టి, పొట్టేలును సాయిబు చేతనే కోయించేవారు. బక్రీదుకు అటునుంచి వాటా వచ్చేది. పెద్దింటివారిలో కొందరు మాలపల్లెలో వండినది ముట్టుకునేవారు కారు. వారికి పచ్చి బియ్యం, బెల్లం, కొబ్బరికాయ, అరటిపండ్లు వెళ్లేవి. ఆ దూరం ఎంత పెద్దదో పళ్లెం మోసుకెళ్లిన పిల్లలకు బాగా తెలుసు. దశాబ్దాలు గడిచేకొద్దీ పచ్చి బియ్యం స్థానంలో నిప్పట్లు, ఆ తర్వాత కేకు ముక్క, ఇప్పుడు కొన్ని ఇళ్లకు బిర్యానీ డబ్బా కూడా వెళుతోంది. చట్టాలూ ఉద్యమాలూ తెచ్చిన మార్పును నేను తక్కువ చేయను. ఈ పళ్లెం నడిచిన దారిని కూడా ఆ మార్పుల పక్కనే రాసుకోవాలంటాను. ఒకనాడు పెద్దింటి పెరట్లో సద్ది కోసం నిలబడిన వారి మనవరాలు, తమ ఇంట మిగిలినది పట్టుకుని అదే ఇంటి ముందు వాకిలి నుంచి లోపలికి వెళ్లింది.

1947 సెప్టెంబరు 27న వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి, నంద్యాల ఆంగ్లికన్లు అప్పట్లో వేరుగా నిలిచారు. వంటింటికి సంబంధించినంతవరకు అంతకంటే పెద్ద తేదీ 1983. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడంతో తెల్లన్నం పండగ వంట కాకుండా పోయింది, రోజువారీ తిండి అయింది. పండగకు వేరే గుర్తు కావలసి వచ్చి కుష్కా, బిర్యానీ ఆ చోటును తీసుకున్నాయి. బ్రాయిలర్ కోడి మాంసాన్ని చవక చేసింది, గ్యాసు పొయ్యి కట్టెల కష్టం తీర్చింది, ఫ్రిజ్ ఉట్టిని దించింది. మూడో రోజు ఇగురు రుచి తగ్గింది నిజమే. ఆ ఇగురు కోసం పూటకోసారి పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషికి కాస్త విశ్రాంతి దొరికింది కాబట్టి నాకు దానిమీద బెంగ లేదు. జొన్న, కొర్ర వెనక్కి తగ్గిపోయి ఒంటికి చక్కెర జబ్బు పట్టుకోవడం మీద మాత్రం బెంగ ఉంది. ఇప్పుడు కొన్ని ఇళ్లలో పండగ మర్నాడు కొర్రన్నం, జొన్నరొట్టె పట్టుబట్టి చేస్తున్నారు.

గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచడంతో 2020లో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. మట్టి అరుగులు, చూరు దండేలు, వీధి గుర్తులు నీట మునిగాయి. కొత్త కాలనీల్లో డాబా మీద తీగలు కట్టి వడియాలు, తునకలు ఆరబెట్టడం మళ్లీ మొదలుపెట్టారు. క్రిస్మస్ సెలవులకు లోయ చూడటానికి వచ్చే బెంగళూరు, హైదరాబాదు యాత్రికుల వల్ల కోట కింద హోటళ్లలో సంగటి, నాటుకోడి పులుసు అమ్ముడవుతున్నాయి.

ఈ విందులో మిగిలినది సముద్రం కూడా దాటుతోంది. కడప జిల్లా నుంచి వేలమంది, అందులో ఆడవాళ్లు ఎక్కువమంది, ఇళ్లలో పనికి కువైట్ వెళ్లారు. అక్కడి నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో ఎన్నో భాషలవారితో పాటు తెలుగు సంఘమూ కూడుకుంటుంది. ఇక్కడ పండగ వంటలు ముగిసిన తర్వాత, సెలవు అయిపోయి తిరిగి వెళ్లేవారి పెట్టెలు సర్దుతారు. ఓళిగలు అన్ని రోజులు తట్టుకోవు. నిప్పట్లు, అన్నం వడియాలు, చెనిక్కాయల పొడి, చింతపండు తొక్కు కట్టి, పక్కింటివాళ్ల బిడ్డకు అందాల్సిన వాటా మీద వేరే పేరు రాసి పెడతారు.