పావెల్ నుంచి ఆగ్న్యూ దాకా: బ్రిటన్ కన్జర్వేటివ్‌లు తమవాళ్లను ఎలా అదుపులో పెట్టారు

ఈవీసా తెరిచి చూస్తే మనలో చాలామందికి ఒక లైన్ కనిపిస్తుంది: పబ్లిక్ ఫండ్స్ క్లెయిమ్ చేయడానికి వీల్లేదు అని. కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీలు చేసేవాళ్లకీ, వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేసే స్టూడెంట్లకీ, ఐటీ వాళ్లకీ అదే లైన్. జీతంలోంచి ఇన్‌కమ్ టాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ మాత్రం అందరిలాగే కట్ అవుతాయి. స్కిల్డ్ వర్కర్ వీసా వాళ్లయితే హెల్త్ సర్‌ఛార్జ్ కింద ఏడాదికి 1,035 పౌండ్లు ముందే కట్టి వస్తారు. కేర్ వీసా వాళ్లకు అందులో మినహాయింపు ఉంది. ఇంత కట్టినా, టీవీలో ఎవరైనా "బెనిఫిట్ల కోసం వచ్చేవాళ్లు" అంటే ఆ మాట తిరిగి తిరిగి మన మీదికే వస్తుంది.

ఈ వారం ఎపిసోడ్‌లో ఆ మాట వెనక ఉన్న చరిత్ర చెప్పాను. టైమ్ సరిపోక వదిలేసినవి ఇక్కడ రాస్తున్నాను. నేను పట్టుకున్న ప్రశ్న ఇది: కన్జర్వేటివ్ పార్టీ నాయకుడు హద్దు దాటి మాట్లాడితే పార్టీ ఏం చేసింది? ప్రజల డబ్బు కొట్టేసేవాళ్ల గురించి అదే పార్టీ ఏం చెప్పింది? ఈ రెండిటినీ విడివిడిగా చెప్పుకుంటాం గానీ, పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

విప్ అంటే

ముందు ఒక చిన్న వివరణ. బ్రిటన్ పార్లమెంటు సభ్యులకు ప్రతి వారం పార్టీ నుంచి ఒక కాగితం వస్తుంది. ఏ ఓటింగ్ ఎంత ముఖ్యమో దాన్ని బట్టి కింద ఒక గీతో, రెండు గీతలో, మూడు గీతలో గీస్తారు. మూడు గీతలుంటే తప్పనిసరిగా వచ్చి పార్టీ చెప్పినట్టు ఓటేయాలి. ఆ కాగితం పేరే విప్. దాన్ని పంపే నాయకుణ్ణీ విప్ అనే అంటారు.

మన దగ్గర 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. ఇక్కడ అలా కాదు. "విప్ తీసేశారు" అంటే పార్లమెంటరీ పార్టీ నుంచి బయటికి పంపారని మాత్రమే. సీటు అలాగే ఉంటుంది, సభలో ఇండిపెండెంట్‌గా కూర్చుంటారు. 1994లో యూరప్ బడ్జెట్ ఓటింగ్‌లో తిరగబడిన 8 మంది ఎంపీలకు ప్రధాని జాన్ మేజర్ ఇలాగే విప్ తీసేశారు. కొన్ని నెలలకే మళ్లీ ఇచ్చేశారు.

ఓటు విషయంలో రూల్ స్పష్టంగానే ఉంది. మాట విషయంలోనే చిక్కు. ఎవరి మాట హద్దు దాటిందో తేల్చడానికి గీతలు గీసిన కాగితం ఏదీ లేదు. అక్కడ నాయకుడి నిర్ణయమే రూలు.

1968, బర్మింగ్‌హామ్

1968 ఏప్రిల్ 20, శనివారం. బర్మింగ్‌హామ్ మిడ్‌లాండ్ హోటల్లో కన్జర్వేటివ్‌ల చిన్న సమావేశం. వుల్వర్‌హాంప్టన్ ఎంపీ ఈనాక్ పావెల్ మాట్లాడారు. అప్పుడు పార్టీ ప్రతిపక్షంలో ఉంది. పావెల్ షాడో క్యాబినెట్‌లో రక్షణ శాఖ చూసేవారు. గ్రీకు పండితుడు, యుద్ధకాలంలో ఇండియాలో పనిచేసిన మనిషి, ఉర్దూ నేర్చుకున్న మనిషి. మూడు రోజుల్లో పార్లమెంటులో ఒక బిల్లు చర్చకు రాబోతోంది. ఇల్లు అద్దెకిచ్చే దగ్గర, ఉద్యోగమిచ్చే దగ్గర రంగు చూసి వివక్ష చూపడాన్ని నిషేధించే బిల్లు అది. పావెల్ దాన్ని వ్యతిరేకిస్తూ, వలస ఇలాగే సాగితే దేశం రక్తపాతానికి పోతుందనే అర్థం వచ్చేలా, వర్జిల్ కావ్యంలో నెత్తురుతో నురగలు కక్కే నది వర్ణనను గుర్తు చేశారు. ఆ ఉపన్యాసానికి "రివర్స్ ఆఫ్ బ్లడ్" అనే పేరు అలా పడింది.

మర్నాడే పార్టీ నాయకుడు ఎడ్వర్డ్ హీత్ ఆయన్ని షాడో క్యాబినెట్ నుంచి తీసేశారు. ఆ మాటల ధోరణి జాతి విద్వేషాన్ని రేపేలా ఉందని కారణం చెప్పారు. క్వింటిన్ హాగ్ లాంటి సీనియర్లు కూడా పావెల్ ఉంటే మేం ఉండం అన్న స్థితి.

ఇది తేలిక నిర్ణయం కాదు. మంగళవారం లండన్ రేవు కార్మికులు పావెల్‌కి మద్దతుగా పార్లమెంటు దాకా ఊరేగింపు చేశారు. గ్యాలప్ సర్వేలో 74 శాతం మంది పావెల్ చెప్పిందే నిజమన్నారు. ఓట్లు లెక్కపెట్టుకునే నాయకుడైతే నోరు మూసుకుని ఊరుకునేవాడు. హీత్ ఊరుకోలేదు. పావెల్ మళ్లీ ఏనాడూ కన్జర్వేటివ్ పార్టీ ముందు వరసకి రాలేదు. 1974 ఫిబ్రవరి ఎన్నికల్లో పోటీ మానేసి, యూరప్ అంశం మీద లేబర్‌కి ఓటేయమన్నారు. తర్వాత ఉత్తర ఐర్లండ్‌లో అల్‌స్టర్ యూనియనిస్ట్ ఎంపీగా వెళ్లిపోయారు.

అయితే ఇక్కడ కథను తియ్యగా ముగించకూడదు. హీత్ అధికారంలోకి వచ్చాక 1971లో తెచ్చిన ఇమ్మిగ్రేషన్ చట్టం వలసను గట్టిగానే బిగించింది. అంతకుముందు 1968లో లేబర్ ప్రభుత్వం, కెన్యా నుంచి వస్తున్న బ్రిటిష్ పాస్‌పోర్టు ఆసియన్లను ఆపడానికి, చట్టాన్ని పార్లమెంటులో రోజుల వ్యవధిలో పాస్ చేయించింది. అంటే తలుపు బిగించడంలో రెండు పార్టీలదీ దాదాపు ఒకే దారి. హీత్ గీసిన గీత వేరే చోట ఉంది. ఎంతమంది రావాలో చర్చించుకోవచ్చు, వచ్చినవాళ్ల మీద పక్కింటివాణ్ణి ఉసిగొల్పకూడదు అన్నదే ఆ గీత.

ఆ గీతకు పరీక్ష 1972 ఆగస్టులో వచ్చింది. ఉగాండాలో ఇదీ అమీన్ ఆసియన్లకు 90 రోజుల గడువిచ్చి పొమ్మన్నాడు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లను తీసుకోవడం మన బాధ్యత అని హీత్ ప్రభుత్వం నిలబడింది. సుమారు 28 వేల మంది వచ్చారు. లెస్టర్ కౌన్సిల్ అయితే ఉగాండా పత్రికలో ప్రకటన వేసి మరీ మా ఊరికి రావద్దంది. ఆ ఏడాది కన్జర్వేటివ్ మహాసభలో పావెల్ ప్రభుత్వాన్ని తప్పుపట్టే తీర్మానానికి అండగా నిలబడితే సభ ప్రభుత్వం పక్షానే నిలిచింది. ఇవాళ లెస్టర్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు గోల్డెన్ మైల్‌లో కూరగాయలు కొనుక్కుంటున్నారంటే, ఆ దుకాణాల వెనక ఆ ఏడాది తెగువ కొంత ఉంది.

1992, ఒక పాట

ఇప్పుడు రెండో ప్రశ్న, ప్రజాధనం. కన్జర్వేటివ్‌ల వాదన సూటిగానే ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చే ప్రతి పౌండూ ఎవరో ఒకరు పని చేసి కట్టిన పన్ను. దాన్ని అబద్ధం చెప్పి తీసుకుంటే నిజంగా అవసరమున్నవాళ్లకి దక్కకుండా పోతుంది. జనానికి ఆ వ్యవస్థ మీదే నమ్మకం పోతుంది. నా వరకు ఈ వాదనలో తప్పు కనిపించదు. పన్ను కడుతూ ఏమీ తీసుకోలేని మనలాంటివాళ్లకి ఇది అందరికన్నా బాగా అర్థమవుతుంది కూడా.

మరి దాన్ని ఎలా వాడారు? 1992 పార్టీ మహాసభలో సోషల్ సెక్యూరిటీ మంత్రి పీటర్ లిల్లీ ఒక పాత హాస్య నాటకంలోని పాటకు పేరడీ కట్టి స్టేజీ మీద పాడారు. తన దగ్గర ఒక లిస్టు ఉందని. అందులో బెనిఫిట్ మోసగాళ్లతో పాటు, కౌన్సిల్ ఇంటి కోసం గర్భం తెచ్చుకుంటారని చెప్పిన అమ్మాయిలనూ ఒకే వరసలో చేర్చారు. హాలు నవ్వింది. మరుసటి ఏడాది ఆయన ఎగతాళి బెనిఫిట్ల కోసం వచ్చే విదేశీయుల మీదికి మళ్లింది. 1994లో, ఈ దేశంలో స్థిరంగా ఉంటున్నట్టు చూపిస్తేనే బెనిఫిట్లు అనే నిబంధన వచ్చింది.

ఇందులో జరిగిందేమిటో చూడండి. ఫోర్జరీ చేసినవాడు నేరస్థుడు. పెళ్లి కాని తల్లి నేరస్థురాలు కాదు. విదేశీ పాస్‌పోర్టు ఉండటం నేరం కాదు. కానీ ముగ్గురినీ ఒకే వరసలో కడితే వినేవాడికి ముగ్గురూ ఒకటే అనిపిస్తారు. దీనికి ఎవరూ లిల్లీని తీసేయలేదు.

మోసం లేదని నేననను. డీడబ్ల్యూపీ లెక్క ప్రకారం 2022-23లో మోసం, పొరపాట్లు అన్నీ కలిపి ఎక్కువగా చెల్లించినది 830 కోట్ల పౌండ్లు, మొత్తం ఖర్చులో 3.6 శాతం. 2024లో బల్గేరియాకు చెందిన 5 మందికి లండన్ కోర్టు శిక్షలు వేసింది. ఫోర్జరీ అద్దె పత్రాలు, పేస్లిప్పులు పెట్టి వేలాది దొంగ క్లెయిములతో 5 కోట్ల పౌండ్లకు పైగా యూనివర్సల్ క్రెడిట్ లాగేశారు. పట్టుకోవాల్సిందే, శిక్ష పడాల్సిందే. కానీ ఆ తీర్పులో ఉన్నది 5 పేర్లు. ఇక్కడ బిల్డింగ్ సైట్లలో, పొలాల్లో ఒళ్లు విరుచుకుని పని చేసే వేలమంది బల్గేరియన్లు ఆ తీర్పులో లేరు.

తర్వాతి నాయకులు

2004 ఫిబ్రవరి 5 రాత్రి మోర్‌కాంబ్ బేలో ఆలిచిప్పలు ఏరుతున్న చైనా కూలీలు పోటు నీళ్లలో చిక్కుకున్నారు. కనీసం 21 మంది చనిపోయారు. ఆ నెలలోనే కన్జర్వేటివ్ ఎంపీ ఆన్ వింటర్టన్ ఒక విందులో వాళ్ల చావు మీద జోకు వేశారు. అంతకు రెండేళ్ల ముందే పాకిస్తానీయుల మీద జోకు వేసి షాడో పదవి పోగొట్టుకున్న మనిషి. క్షమాపణ చెప్పమంటే చెప్పలేదు. పార్టీ నాయకుడు మైకేల్ హోవర్డ్ విప్ తీసేశారు. తర్వాత ఆమె క్షమాపణ చెప్పాక తిరిగిచ్చారు. ఆ కూలీలకు ఈ దేశంలో ఓటు లేదు, పేపర్లు లేవు. వాళ్ల తరఫున మాట్లాడితే హోవర్డ్‌కి ఒక్క ఓటూ రాదు. అయినా ఆ పని చేశారు.

2024లో రెండూ కనిపించాయి. ఫిబ్రవరిలో లండన్ మేయర్ సాదిక్ ఖాన్ ఇస్లామిస్టుల చేతిలో ఉన్నాడన్నట్టు మాట్లాడి, క్షమాపణ చెప్పని లీ ఆండర్సన్‌కి విప్ తీసేశారు. ఆయన మర్నెల రిఫార్మ్ పార్టీలో చేరిపోయారు. అదే మార్చిలో పార్టీకి భారీగా విరాళమిచ్చిన ఫ్రాంక్ హెస్టర్, నల్లజాతి ఎంపీ డయాన్ ఆబట్ గురించి గతంలో అన్న మాటలు బయటపడ్డాయి. అవి జాతివివక్ష మాటలేనని ప్రధాని రిషి సునాక్ ఒప్పుకున్నారు, డబ్బు మాత్రం తిరిగివ్వలేదు. ఎంపీకి ఒక తూకం, దాతకి ఒక తూకం.

చివరగా, నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన మనిషి. కోవిడ్ టైమ్‌లో చిన్న వ్యాపారాలకు బౌన్స్ బ్యాక్ లోన్లు ఇచ్చారు. గరిష్ఠంగా 50 వేల పౌండ్లు, నూటికి నూరు శాతం ప్రభుత్వ గ్యారంటీ. మొత్తం సుమారు 4,700 కోట్ల పౌండ్లు. అందులో మోసం 490 కోట్ల దాకా ఉండొచ్చని ఒక దశలో ప్రభుత్వమే అంచనా వేసింది. మోసాల నివారణ బాధ్యత చూస్తున్న మంత్రి లార్డ్ ఆగ్న్యూ, కన్జర్వేటివ్. 2022 జనవరి 24న హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ప్రభుత్వం తరఫున జవాబు చెప్పడానికి లేచి, సొంత ప్రభుత్వాన్నే తప్పుపట్టారు. కోవిడ్ వచ్చేనాటికి వ్యాపారమే చేయని కంపెనీలు వెయ్యికి పైగా లోన్లు తీసుకున్నాయన్నారు. దీన్ని సమర్థించలేనని అక్కడే రాజీనామా చేసి బయటికి నడిచారు.

ఆయన ఏ జాతినీ అనలేదు, ఏ పాటా పాడలేదు. కంపెనీలు, బ్యాంకులు, తనిఖీ చేయని అధికారులు, ఎంత పోయింది, అంతే. ప్రజాధనం గురించిన కన్జర్వేటివ్ వాదనను నిజంగా నమ్మితే అది ఇలాగే ఉంటుందని నాకనిపిస్తుంది. సంతకం పెట్టినవాణ్ణి అడుగుతుంది. వాడు సూటు వేసుకున్నాడా, యాస ఏమిటి అని చూడదు.

మన దగ్గరికి వస్తే

మనం ఇక్కడ ఓటర్లం కాకపోవచ్చు (కామన్వెల్త్ పౌరులుగా లీగల్‌గా ఉంటున్నవాళ్లు నిజానికి ఓటు నమోదు చేసుకోవచ్చు, చాలామందికి తెలీదు). కానీ మన వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక చిన్న పార్టీ నడుస్తుంటుంది. "మనవాళ్లు కష్టజీవులు, బెనిఫిట్లు తినేది వాళ్లే" అని సోమాలీలనో, రొమేనియన్లనో చూపిస్తూ మెసేజీ వస్తుంది. ఇరవై థమ్సప్‌లు పడతాయి. అదే గ్రూపులో కేర్ వీసా స్పాన్సర్‌షిప్ పేరు చెప్పి మన పిల్లల దగ్గర లక్షలు గుంజిన ఏజెంటు గురించి అడిగితే, "ఎందుకులే అన్నా, మనోడే కదా" అంటారు.

హీత్‌కి 74 శాతం జనం అటువైపున్నారు. మనకి అడ్డొచ్చేది ఇరవై థమ్సప్‌లు. అడ్మిన్ అయినవాళ్లు ఆ మెసేజీ తీసేయొచ్చు. ఆ ఏజెంటునీ గ్రూపు నుంచి తీసేయొచ్చు. మోసపోయినవాళ్ల పక్కన నిలబడి ఫిర్యాదు రాయించొచ్చు.

ఇంకో మాట. ఎవరైనా "నేను ఫారం నింపిస్తా, నీకూ క్రెడిట్ వస్తుంది" అంటే సంతకం పెట్టకండి. యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, చైల్డ్ బెనిఫిట్ లాంటివి మన వీసాలో చెప్పిన పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తాయి. తెలియక తీసుకున్నా వీసాకి ఇబ్బందే. పిల్లల్ని స్టేట్ స్కూల్లో చేర్చడం, ఎన్‌హెచ్‌ఎస్‌లో చూపించుకోవడం ఆ కిందికి రావు, వాటికి భయపడక్కర్లేదు. కుటుంబంలో ఎవరికైనా వేరే రకం వీసా ఉంటే లెక్క మారొచ్చు. అందుకే సందేహం ఉంటే ముందు సిటిజన్స్ అడ్వైస్‌లో అడగండి, డబ్బులేమీ తీసుకోరు.